గ్రంథాలయ చట్టమున ‘సినిమా రీళ్లు’: నెల్లూరి తీరమునుండి ఒక పరిశీలనము

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రను వ్రాసినవారు పెక్కురు కలరు. తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాసినవారును తక్కువమంది కారు. కాని ఈ రెండు చరిత్రలును ఒకదానినొకటి ఎరుగనట్లే సాగినవి. మొదటివారికి సినిమా పఠనాసక్తిని హరించు వినోదము. రెండవవారికి గ్రంథాలయము పాతపత్రికలు దొరకు చోటు. ఈ రెండును కలిసిన తావు ఒకటి మన శాసనగ్రంథములలోనే కలదు. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము, స్థానిక గ్రంథాలయాధికార సంస్థలు తమ గ్రంథాలయములయందు సమకూర్చుకొనదగిన వస్తువులను చెప్పుచు, పుస్తకములు, పత్రికలు, పటములు, కళావిజ్ఞాన సంబంధమైన నమూనాలతోపాటు లాంతరు పలకలను, సినిమా రీళ్లను పేర్కొన్నది. ఆ చట్టము 1950 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిది. కావున కందుకూరి తీరమునుండి పులికాటు సరస్సువరకును గల పల్లెలలో రీళ్లు తెప్పించి, తెల్లగుడ్డ కట్టి, మంచిచిత్రములను ప్రజలకు ఉచితముగ చూపుటకు గ్రంథాలయ సంస్థకు ఆనాడే అధికారము లభించినది. అధికారము కలిగియు ఆ పని ఒక స్థిరమైన వ్యవస్థగా ఏల రూపొందలేదు? ఈ వ్యాసము ఈ ప్రశ్నను గూర్చినది.

ముందుగా ఆ మాట చట్టములోనికి ఎట్లు వచ్చినదో చూడవలెను. మద్రాసు చట్టమునకు వెనుక నిలిచినవాడు ఎస్.ఆర్. రంగనాథన్. 1931లో తన పంచసూత్రములను ప్రకటించిన నాటినుండి ఆయన గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా గాక, ప్రజలకు జ్ఞానమును చేర్చు యంత్రముగా భావించెను. అట్టివానికి చదువురాని పౌరుడు ఒక సమస్య. ఇంటిపన్నులో రూపాయకు ఆరుపైల చొప్పున గ్రంథాలయపు సెస్సును అక్షరాస్యుడును చెల్లించును, నిరక్షరాస్యుడును చెల్లించును. చెల్లించినవానికి ప్రతిఫలము ఉండవలెను గదా! 1961 జనాభా లెక్కలనాటికి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 21 మంది మాత్రమే. తక్కిన 79 మందికి పుస్తకముల బీరువా మూసిన పెట్టెతో సమానము. లాంతరు పలకయు, సినిమా రీలును వారికొరకు ఉద్దేశింపబడినవని గ్రహించుట కష్టము కాదు.

ఈ ఆలోచన మద్రాసున పుట్టినదియు గాదు. బరోడా సంస్థానమున సయాజీరావు గాయక్వాడు 1910లో అమెరికానుండి విలియం అలాన్సన్ బోర్డెన్ అను గ్రంథాలయ నిపుణుని రప్పించెను. ఆయన 1913వరకు అచట నుండి రాష్ట్రవ్యాప్తమైన గ్రంథాలయశాఖను నిర్మించెను. ఆ శాఖలో దృశ్యబోధనకు ఒక ప్రత్యేకవిభాగము ఉండెను. లాంతరు పలకలు, జంటబొమ్మల పరికరములు, చలనచిత్ర యంత్రములు తీసికొని దాని ఉద్యోగులు గ్రామములకు పోయి ప్రజలకు ఉచితముగ ప్రదర్శనలు ఇచ్చుచుండిరి. భారతదేశమున గ్రంథాలయశాఖ తన వ్యయముతో ప్రజలకు చిత్రములు చూపిన ఉదంతములలో ఇంతకంటె స్పష్టమైనది, ఇంతకంటె పాతది మఱొకటి చూపుట సులభము కాదు. ఐరోపా అమెరికాలలో చలనచిత్రము ఇంకను మూగదిగా నున్న దినములవి.

ఈ బరోడా ఉదంతము ఆంధ్రులకు దూరమైనది కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను జరిగిన సభతో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చినది. దానిని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు బరోడా వ్యవస్థను శ్రద్ధతో గమనించినవారు. 1919 నవంబరులో మద్రాసున జరిగిన అఖిలభారత గ్రంథాలయ సభకు బరోడా గ్రంథాలయశాఖాధిపతి జె.ఎస్. కుదాల్కరు అధ్యక్షత వహించెను. ఐనను మనవారు బరోడానుండి స్వీకరించినది సంచార గ్రంథపేటికను. చలనచిత్ర యంత్రమును గాదు. దీనికి కారణము అరసికత యని నేను తలపను. బరోడాలో సంస్థానాధీశుని బొక్కసము ఉన్నది. ఆంధ్రదేశమున గ్రంథాలయము పిడికెడు బియ్యముతోను, పెండ్లిండ్లలో వచ్చిన చందాలతోను బ్రతికినది. ప్రభుత్వముచేత అనుమానింపబడుచు, స్వరాజ్యోద్యమమునకు ఆశ్రయమిచ్చుచు నడచిన సంస్థకు యంత్రము కొను స్తోమత యెక్కడిది?

ధనము లేనిచోట వారు మఱొక ఉపాయము పన్నిరి. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కృష్ణాకాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకము పాఠకునికొరకు ప్రయాణము చేసినది. చదువురానివారికి చదివి వినిపించుట, హరికథలు చెప్పించుట, ఉపన్యాసములు ఏర్పరచుట గ్రంథాలయకార్యములుగనే పరిగణింపబడినవి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజనవిద్యను గ్రంథాలయోద్యమమునుండి విడదీసి చూచినవారు కారు. ఈ వినికిడి సంప్రదాయమును గమనించినచో, 1948 చట్టమున సినిమా రీలు చేరుట ఆకస్మికముగ తోచదు. హరికథ కూర్చున్న పీటపైననే రీలును కూర్చుండబెట్టిరి.

ఇచట నెల్లూరి సీమకు సంబంధించిన ఒక విషయమును కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ‘ఉచిత ప్రదర్శనము’ అనగానే అది ఆధునిక సంక్షేమరాజ్యపు దానమని మనకు తోచును. వాస్తవము ఇందుకు విపర్యము. తెల్లని తెర, వెనుక దీపము, తెరపై కదలు నీడ, ముందు నేలపై కూర్చున్న ఊరు ఊరంతయు: ఈ దృశ్యము తోలుబొమ్మలాటది. నెల్లూరు జిల్లా ఆ కళకు నెలవులలో ఒకటి. వానలు లేకపోయినను, జాతర వచ్చినను, గ్రామపెద్దలో దాతయో ఆటగాండ్రకు ధాన్యమును, పైకమును ఇచ్చి ఆడించును. చూచువాడు పైసా చెల్లింపడు. తెల్లవారువరకు రామాయణ భారతకథలు నడచును. తిక్కన నడయాడిన నేలపై, చదువురాని ప్రేక్షకులకు భారతకథ చేరిన మార్గములలో ఇది ముఖ్యమైనది. తెరకు ముందు టిక్కెట్టు పెట్టుట నాటకసమాజములతోను, ఆపై బయస్కోపుతోను వచ్చిన క్రొత్త అలవాటు. కావున గ్రంథాలయపు ముంగిట ఉచితముగ చిత్రము చూపుట దేశీయమైన పాతపద్ధతికి మరలుటయే యగును. దాత స్థానమున సెస్సు చెల్లించు ప్రజ నిలిచినది, అంతియే భేదము.

బయస్కోపు వచ్చిన తీరును ఇచట క్లుప్తముగ స్మరించుట చాలును. మచిలీపట్టణమున పుట్టిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1910 ప్రాంతమున ధ్వనితో కూడిన చిత్రములను చూపు యంత్రమును తెప్పించి, దక్షిణదేశము, సింహళము, బర్మాలలో డేరాలు వేసి తిరిగిరి. పిదప మద్రాసున గెయిటీ థియేటరును కట్టించిరి. టూరింగు టాకీసుల యుగము ఆ డేరాలనుండి పుట్టినది. నేల, బెంచి, కుర్చీ యను తరగతులును డేరాతోనే వచ్చినవి. తోలుబొమ్మలాటలో లేని తరగతిభేదము దీనిలో ఏర్పడినది. ఐతే కులభేదమును కొంతమేర సడలించినదియు ఈ నేలటిక్కెట్టే యని చెప్పకున్న అన్యాయమగును.

ఇక చిత్రమును గ్రంథాలయమున చూపుట కేవలము వినోదవిషయము కాదనుటకు నెల్లూరు జిల్లా చరిత్రయే నిదర్శనమిచ్చును. 1930 దశాబ్దమున వెంకటగిరి జమీందారీ రైతులు సంఘటితులై తమ కష్టములను లోకమునకు చాటిరి. వారి పక్షమున నెల్లూరినుండి ‘జమీన్ రైతు’ వారపత్రిక నిలిచినది. ఆ వేడి చల్లారకమునుపే, 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ వెలువడినది. జమీందారీ వ్యవస్థలోని అన్యాయమును ఎత్తిచూపిన ఈ చిత్రమును నిర్మించిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు ఉండుట ఒక విచిత్రము. తోటి జమీందారులు దానిని సహింపలేదు, అభ్యంతరములు చెప్పిరి, కొన్నితావుల ప్రదర్శన నిషేధింపబడినది. అంతకు ముందటి యేడు, 1938లో, అదే దర్శకుడు చలముగారి కథతో, తాపీ ధర్మారావుగారి సంభాషణలతో ‘మాలపిల్ల’ తీసెను. ఈ రెండు చిత్రములును ఆనాటి సాంఘికచరిత్రకు ఆకరములు. జమీందారీ రైతుల ఉద్యమముపై పరిశోధన చేయు విద్యార్థి ‘జమీన్ రైతు’ సంచికను గ్రంథాలయమున అడిగి తీసికొని చదువును. ‘రైతుబిడ్డ’ను అట్లే అడిగి చూచు హక్కు అతనికి ఉండవలదా? నా వాదమునకు మూలము ఈ ప్రశ్నయే. ఉచిత ప్రదర్శనము వినోదమునకు రాయితీ కాదు. ఆకరమును చూడగోరువానికి దానిని అందుబాటులో ఉంచుట.

స్వాతంత్ర్యానంతరము ఈ దృష్టి ప్రపంచమున బలపడినది. న్యూయార్కు నగరపు ఆధునిక కళాప్రదర్శనశాల 1935లోనే ఐరిస్ బారీ నేతృత్వమున ఒక చలనచిత్ర గ్రంథాలయమును నెలకొల్పి, పాతచిత్రములను కళాశాలలకును ఇతర సంస్థలకును పంపసాగినది. పుస్తకమువలె చిత్రమునకును ‘గ్రంథాలయము’ అను పేరు పెట్టుట ఆనాడు సాహసమే. 1949లో యునెస్కో వెలువరించిన పౌర గ్రంథాలయ ప్రకటన గ్రంథాలయసామగ్రిలో చిత్రములను చేర్చినది. ఆ యునెస్కో తోడ్పాటుతోనే 1951 అక్టోబరు 27న నెహ్రూగారిచేత ప్రారంభింపబడిన ఢిల్లీ పౌర గ్రంథాలయము సంఘవిద్యాశాఖను ఏర్పరచుకొని, చర్చలు, ఉపన్యాసములు, నాటకములతోపాటు చిత్రప్రదర్శనలను కూడ నడిపినది. చిత్రము చూచి చర్చించినవాడు ఆ విషయముపై పుస్తకము అడుగునని దాని నిర్వాహకుల ఆశయము. మద్రాసు చట్టము కాగితముపై చెప్పినదానిని ఢిల్లీ సంస్థ కార్యరూపమున చూపినది.

మరి నెల్లూరున? జిల్లా గ్రంథాలయ సంస్థ వచ్చినది; శాఖలు పెరిగినవి; 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. చిత్రముల సంగ్రహము మాత్రము గ్రంథాలయపు నిత్యకృత్యములలో చేరలేదు. ఇందుకు చెప్పదగిన కారణములలో మొదటిది భౌతికమైనది, బహుశః బలవత్తరమైనదియు అదే. 1950 ప్రాంతమువరకు థియేటర్లలో ఆడిన 35 మి.మీ. ఫిల్ము నైట్రేటు జాతిది. అది అంటుకొన్నచో ఆర్పుట దుస్సాధ్యము. నీటిలో ముంచినను మండును. అట్టిదానిని తాటాకుకప్పు పఠనమందిరమున, పుస్తకముల నడుమ ఉంచుటకు ఏ గ్రంథపాలకుడు ఒప్పుకొనును? 1923లో వచ్చిన 16 మి.మీ. ఫిల్ము మొదటినుండియు మండని జాతిదిగనే తయారైనది. గ్రంథాలయములకు తగినది అది. కాని తెలుగు కథాచిత్రములకు 16 మి.మీ. ప్రతులు తీయించుట నిర్మాతకు అదనపు వ్యయము. మార్కెట్టు లేని ప్రతిని అతడేల తీయించును? మూడుగంటలకు మించిన తెలుగు చిత్రము 35 మి.మీ.లో ఇంచుమించు 18,000 అడుగులు, అనగా వేయేసి అడుగుల రీళ్లు పదునెనిమిది. ఒక్క చిత్రము ఒక బీరువాను ఆక్రమించును. గ్రంథపాలకుని సంకటము ఊహింపదగినదే.

రెండవది చట్టసంబంధమైనది. గ్రంథాలయ చట్టము రీళ్లను కొనవచ్చునన్నది. ప్రదర్శించుటకు వేరే చట్టములు అడ్డుపడినవి. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము ధ్రువపత్రము లేని చిత్రమును బహిరంగముగ చూపరాదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టము ప్రకారము ప్రదర్శనస్థలమునకు లైసెన్సు కావలెను. టిక్కెట్టు లేదు కనుక వినోదపు పన్ను లేదు. లైసెన్సు గొడవ మాత్రము తప్పలేదు. ఒక చేత ఇచ్చినదానిని మఱొకచేత పుచ్చుకొనుట ప్రభుత్వములకు అలవాటే.

మూడవది, ఆ పనిని వేరొకరు చేయుచుండుట. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినది. సమాచారశాఖల వ్యానులు 16 మి.మీ. యంత్రములతో పల్లెలకు పోయి పంచవర్షప్రణాళికలు, ఆనకట్టలు, కుటుంబనియంత్రణము మున్నగువానిని గూర్చిన చిత్రములను ఉచితముగనే చూపినవి. తీరగ్రామములలో పట్టపువారును, యానాదులును, రైతులును ఒకే ఇసుకపై కూర్చుండి ఈ చిత్రములను చూచిరి. కాని ప్రచారచిత్రమునకును ఉత్తమచిత్రమునకును గల భేదమును ఇచట మరువరాదు. వ్యాను చూపినది ప్రభుత్వము చెప్పదలచిన మాట. గ్రంథాలయము ఇవ్వవలసినది పాఠకుడు ఎన్నుకొన్న మాట. కరపత్రమును గ్రంథముతో సమానముగ ఎంచలేనట్లే, ఈ రెండును సమానములు కానేరవు. ఉచిత ప్రదర్శనము అనగా ప్రచారము అను అర్థము జనులలో స్థిరపడుటకు ఈ వ్యానులే కారణమని నా అభిప్రాయము. అందువలన మంచిచిత్రమును ఉచితముగ చూపవలెనను కోరికయే పుట్టలేదు.

ఇక పండితుల ఉపేక్ష నాలుగవది. మన విశ్వవిద్యాలయములు నాటకమును సాహిత్యభేదముగ అంగీకరించి, దానికి పాఠ్యప్రణాళికలో చోటిచ్చినవి. పింగళి నాగేంద్రరావు రచించిన రంగస్థల నాటకమునకు దొరకిన గౌరవము ఆయన చిత్రసంభాషణలకు దొరకుటకు చిరకాలము పట్టినది. ఆత్రేయ నెల్లూరు జిల్లావాడు. ఆయన నాటకములు పరిశోధకుల దృష్టికి వచ్చినంత వేగముగ ఆయన చిత్రరచన రాలేదు. ఆచార్యులు ఉపేక్షించినదానిని గ్రంథపాలకులు సేకరింపరు. ఈ నేరమున తెలుగుశాఖలకును భాగము కలదు.

గ్రంథాలయములు విడిచిన పనిని కొంతవరకు ఫిల్ము సొసైటీలు చేపట్టినవి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తాలో స్థాపించిన సంఘము, 1959లో ఏర్పడిన సమాఖ్య ఈ ఉద్యమమునకు పునాదులు. తరువాతి దశాబ్దములలో తెలుగు పట్టణములందును ఇట్టి సంఘములు వెలసినవి. వాని సేవ గొప్పది. కాని సొసైటీ సభ్యులది. చందా చెల్లించినవానికే ప్రవేశము. సెన్సారు విషయమున వానికి లభించిన సడలింపు కూడ ఆ సభ్యత్వనియమముపైననే ఆధారపడియుండెను. గ్రంథాలయపు ద్వారము అట్టిది కాదు. పత్రిక చదువుటకు వచ్చిన రిక్షావాడును, పరీక్షకు చదువుకొను విద్యార్థియు ఒకే బల్లవద్ద కూర్చుందురు. ప్రేక్షకుడెవరో ముందుగ నిర్ణయింపని ప్రదర్శనము గ్రంథాలయమునకే సాధ్యము.

ఈ భేదము ఎంత ముఖ్యమో నెల్లూరు కన్న ఒక కవి చరిత్రవలన తెలియును. తిక్కవరపు పట్టాభిరామరెడ్డి 1919లో నెల్లూరున జన్మించెను. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ ప్రకటించి తెలుగు ఛందస్సును కలవరపెట్టెను. ఆ కావ్యము నేడును తెలుగుశాఖలలో చర్చింపబడుచున్నది. ఆయనయే తరువాత చిత్రరంగమున ప్రవేశించి, జయంతి పిక్చర్సు సంస్థలో కె.వి. రెడ్డిగారితో కలిసి పనిచేసెను. ఆ సంస్థ 1958లో తీసిన ‘పెళ్లినాటి ప్రమాణాలు’ ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగ జాతీయపురస్కారమును పొందినది. 1970లో ఆయన దర్శకత్వమున యు.ఆర్. అనంతమూర్తి నవల ‘సంస్కార’ కన్నడమున చిత్రమైనది. సెన్సారు మొదట దానికి అనుమతి నిరాకరించినది. అనుమతి వచ్చిన తరువాత అది దేశమున ఉత్తమచిత్రముగ రాష్ట్రపతి పురస్కారమును పొందిన తొలి కన్నడ చిత్రమైనది. కన్నడ నవ్యచిత్రోద్యమమునకు ఆరంభమని దానిని చరిత్రకారులు పేర్కొందురు. అందు కథానాయికగ నటించిన స్నేహలతారెడ్డి, పట్టాభి భార్య, అత్యయికస్థితిలో కారాగారవాసము అనుభవించి 1977 జనవరిలో మరణించెను. ఇన్ని కారణములచేత ఈ చిత్రము నెల్లూరివారికి తమది. ఐనను తెలుగు థియేటరులో కన్నడచిత్రము ఆడదు, ఆడినను నిలువదు. పట్టాభి పద్యములు నెల్లూరి గ్రంథాలయపు బీరువాలో ఉండగ ఆయన చిత్రము లేకపోవుట, ఒక కవి సమగ్రగ్రంథావళిలో సగము సంపుటములు మాత్రమే కొనుటవంటిది.

ఈ ఉపేక్షవలన కలిగిన నష్టమును ఇప్పుడు చెప్పవలెను. మూకీయుగమున తెలుగువారు తీసిన చిత్రములలో చూచుటకు నేడు ఏదియు మిగులలేదు. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రతియు లేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలము వ్రాయుచు వచ్చితిమి. రెంటాల జయదేవగారు ఆనాటి పత్రికలను, సెన్సారు వివరములను పరిశీలించి, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించిరి. ఈ పరిశోధనలో మనము గమనింపవలసినది తేదీ యొక్కటే కాదు. చిత్రము నశించినను, చిత్రమును గూర్చిన ప్రకటన బ్రతికినది. ఒకటి గ్రంథాలయసంప్రదాయములోనిది, మఱొకటి కాదు. అందువలన ఈ భేదము. నెల్లూరి తీరమునకు ఉత్తరమున, అదే సముద్రపుగాలిలో, 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వతనికేతనము పాతపత్రికల సంచికలను శతాబ్దమునకు పైగ కాపాడినది. ఉప్పుగాలి కాగితమునకును శత్రువే. ఐనను కాగితమును కాపాడవలెనను బుద్ధి మనకు కలిగినది.

దీనికి ప్రక్కన మలయాళమునుండి ఒక ఉదంతమును ఉంచి చూడవలెను. సి.వి. రామన్ పిళ్లె నవల ఆధారముగ 1930లకు తొలినాళ్లలో తీయబడిన ‘మార్తాండవర్మ’ మూకీచిత్రము, నవల హక్కులుగల తిరువనంతపురపు కమలాలయ బుక్ డిపోవారు వ్యాజ్యము వేయుటతో ప్రదర్శన నిలిచిపోయినది. ప్రతి ఆ పుస్తకవ్యాపారుల చేతికి వచ్చి, వారివద్దనే పడియుండినది. 1974లో పూనా జాతీయ చలనచిత్ర భాండాగారము దానిని సంపాదించినది. దక్షిణదేశపు మూకీచిత్రములలో ఇంచుమించు సమగ్రముగ మిగిలినది ఇది. థియేటరులో విజయవంతముగ ఆడియుండినచో, ఊరూరు తిరిగి అరిగి నశించియుండెడిది. పుస్తకముల నడుమ దాగుటచే బ్రతికినది.

భాండాగారము 1964లో ఏర్పడినది, పి.కె. నాయరుగారి కృషివలన పెరిగినది. 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఒక్కచోటనే సమస్తమును భద్రపరచుటలో ప్రమాదము కూడ కలదు. 2003 జనవరిలో పూనాలో నైట్రేటు ప్రతుల నిలువలో అగ్నిప్రమాదము జరిగి, అమూల్యములైన పాతచిత్రములు బూడిదయైనవి. పుస్తకముల విషయమున మనకు ఇట్టి భయము తక్కువ. 1954 నాటి శాసనము ప్రకారము ప్రతి ప్రచురణకర్తయు తన పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసు కన్నెమరా గ్రంథాలయము మొదలగువానికిని పంపవలెను. నాలుగు చోట్ల నాలుగు ప్రతులు ఉండును. చలనచిత్రమునకు అట్టి నిర్బంధనిక్షేపము లేదు. నిర్మాత ఇచ్చిన ఇచ్చును, లేకున్న లేదు. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగ ప్రకటించిరి. తరువాత కొన్ని రాళ్లు పగిలినను, పోయినను, వాని పాఠము మనకు మిగిలినది. ఏడువందల యేండ్లనాటి శాసనపాఠము అచ్చులో దొరకుచుండగ, మన తాతలనాటి చిత్రమునకు పాఠమే లేకపోవుట చింతనీయము.

చేతిఫోనులోనే పాతచిత్రములు దొరకుచుండగ గ్రంథాలయములో తెర ఏల యని కొందరు అడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. కాని పాఠపరిష్కరణ ఎరిగినవారికి ఇందలి లోపము తెలియును. అంతర్జాలమున దొరకు ప్రతులలో పాటలు కోసివేసినవి కొన్ని, పద్యములు తగ్గించినవి కొన్ని, చివరి రీలు జారినవి కొన్ని. దూరదర్శన ప్రసారమునకై కుదించిన ప్రతిని సమగ్రప్రతిగ భావించి వ్యాసములు వ్రాయువారును కలరు. తాళపత్రప్రతిని పరిష్కరించునపుడు మాతృకను, ప్రత్యంతరములను చెప్పక విడువము. చిత్రమును గూర్చి వ్రాయునపుడు ఏ ప్రతిని చూచితిమో చెప్పము. గ్రంథాలయము ప్రదర్శించు చిత్రమునకు సూచీపత్రములో చేర్పు ఉండును: నిడివి ఎంత, సెన్సారు ధ్రువపత్రములోని నిడివి ఎంత, ప్రతి ఎచటనుండి వచ్చినది. ప్రదర్శనకు ముందు ఈ వివరములు చదివినచో ప్రేక్షకుడు పాఠకుడగును. ఈ పనికి నేడు పెద్ద ధనము అక్కరలేదు. నైట్రేటు భయము లేదు. పదునెనిమిది రీళ్ల బీరువా లేదు. ఏటేట నవంబరు 14నుండి 20వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములు, వేసవిలో బాలలకై జరుగు శిబిరములు ఇందుకు తగిన సమయములు. వర్ధమాన సమాజమువంటి సాహిత్యసభాసంప్రదాయముగల సంస్థలు నెల్లూరున ఉండనే యున్నవి.

హక్కుల విషయము మాత్రము జాగ్రత్తగ చూడవలసినది. 1957 నాటి కాపీరైటు చట్టము చలనచిత్రమునకు 50 ఏండ్ల రక్షణ నిచ్చినది. 1992లో ఆ గడువు 60 ఏండ్లైనది. ఈ గణనముచొప్పున 1958లో వెలువడిన ‘పెళ్లినాటి ప్రమాణాలు’ చిత్రహక్కు 2018తో ముగిసినది. ఐతే చిత్రములోని రచన వేరు ఆస్తి. పింగళి నాగేంద్రరావుగారు 1971లో దివంగతులైరి. రచయిత మరణానంతరము 60 ఏండ్లు లెక్కించినచో ఆయన రచనలకు 2031వరకు రక్షణ కలదు. ఇట్టి మిశ్రమస్థితిలో గ్రంథాలయ సంస్థ న్యాయసలహా తీసికొని, వారసులకు ఒక లేఖ వ్రాయుట మర్యాదయు, క్షేమమును. ‘సంస్కార’ చిత్రహక్కు 2030 డిసెంబరువరకు నిలుచును. కావున అంతవరకు అనుమతి లేనిదే నెల్లూరి గ్రంథాలయపు తెరపై దానిని చూపుటకు వీలులేదు.